కంటి పొర మార్చాక ఏళ్ల తరబడి ఏం జరుగుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాక్టర్ని కాదు. బుచ్చిరెడ్డిపాళెం దగ్గర ఒక రైసు మిల్లులో లెక్కలు రాస్తుంటాను. 2007 కోతలప్పుడు మా చేలో కట్ట ఎత్తుతుంటే వరి వెన్ను కుడికంట్లో గీసుకుపోయింది. పుండు పడింది. మూడు నెలలకు మానింది గానీ మానినచోట పువ్వు, అంటే తెల్లటి మచ్చ, మిగిలింది. 2009లో చెన్నైలో కార్నియా మార్చారు. అప్పట్నుంచి మా చుట్టుపక్కల ఎవరింట్లో ఈ ఆపరేషన్ మాట వచ్చినా ఎవరో ఒకరు నా నంబరు ఇస్తున్నారు. కోవూరు, కావలి, ఉదయగిరి, ఒకసారి కనిగిరి నుంచి కూడా ఫోన్ వచ్చింది. అడిగేవాళ్లు మారుతున్నారు గానీ ప్రశ్నలు మారడం లేదు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మందుల మోతాదు మాత్రం మీ డాక్టరు చెప్పిందే వినండి, నాది వినొద్దు.

అసలు మార్చింది ఏంది? కన్ను మొత్తం మార్చారా?

లేదు. కన్ను మొత్తం మార్చి చూపు తెప్పించే ఆపరేషన్ అంటూ లేదు. నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఒక పారదర్శక పొర ఉంటుంది, అదే కార్నియా. నడుమ దాని మందం సుమారు అర మిల్లీమీటరు. అది మసకబారినా, పువ్వు పడినా, ఉబ్బినా ఆ భాగం తీసి, చనిపోయినవారు దానం చేసిన కార్నియా పెడతారు. దీన్నే గ్రాఫ్ట్ అంటారు.

మీకు ఏ రకం చేశారో తెలుసుకోవడం ముఖ్యం. తర్వాతి ఏళ్లు ఎలా గడుస్తాయనేది చాలావరకు దాని మీదే ఉంటుంది. మొత్తం మందం మార్చితే పీకే. పై పొరలు మాత్రం మార్చి, అడుగున ఉన్న మీ సొంత పొర ఉంచితే డాల్క్. అడుగు పొర ఒక్కటే మార్చితే డీసెక్ లేదా డీమెక్. నాది పీకే. ఫోన్ చేసినవాళ్లను నేను ముందు అడిగేది ఇదే. సగం మందికి తెలియదు. "ఏదో పొర మార్చారన్నా" అంటారు. డిశ్చార్జి కాగితంలో ఉంటుంది, ఒకసారి చూసుకోండి. ఆ కాగితం పారేయకండి, ఫోన్లో ఫొటో తీసి కూడా పెట్టుకోండి.

మార్చిన పొర ఎన్నేళ్లు ఉంటుంది?

అందరూ మొదట అడిగేది ఇదే. ఒక్క అంకె చెప్పమంటారు. ఒక్క అంకె లేదు.

ఆపరేషన్ ఎందుకు చేయాల్సి వచ్చిందన్నదే పెద్ద లెక్క. హైదరాబాదు ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు తమ దగ్గర జరిగిన పూర్తి మందం గ్రాఫ్టుల ఫలితాలు 1997లో ప్రచురించారు. అన్ని జబ్బులూ కలిపి చూస్తే ఏడాదికి నూటికి 80 దాకా స్వచ్ఛంగా ఉన్నాయి. ఐదేళ్లకు వచ్చేసరికి 46 దాకా మిగిలాయి. ఈ అంకె చూసి భయపడకండి, దాని లోపల ఇంకో కథ ఉంది. కెరటోకోనస్, అంటే కార్నియా సన్నబడి శంఖంలా ముందుకు పొడుచుకొచ్చే జబ్బు, ఉన్నవాళ్లలో ఐదేళ్లకు నూటికి 95 నిలబడ్డాయి. ముందే ఒకసారి ఫెయిలై మళ్లీ చేసిన కళ్లలో మాత్రం 21 దాకానే.

అంటే ఒకే ఆసుపత్రి, ఒకే రకం ఆపరేషన్, తేడా అంతా కన్ను ఏ స్థితిలో లోపలికి వెళ్లిందన్నదే. పుండు మానిపోయి ప్రశాంతంగా ఉన్న కన్ను, రక్తనాళాలు కార్నియాలోకి పాకని కన్ను మంచి నేల లాంటిది. ఫంగస్ పుండు ఆగక, కన్ను పోతుందనే భయంతో అర్జెంటుగా చేసే గ్రాఫ్ట్ వేరు. దాని పని ముందు కన్నును కాపాడటం, చూపు తర్వాతి మాట. అలాంటిది రెండేళ్లకు మసకబారితే ఆపరేషన్ దండగ అనుకోకూడదు. కన్ను నిలబడింది కదా, తర్వాత ఇంకోసారి చూపు కోసం చేసుకోవచ్చు. సున్నం పడి కాలిన కన్ను అన్నిటికంటే కష్టం. కార్నియా అంచున కొత్త చర్మం పుట్టించే మూలకణాలు ఉంటాయి, సున్నం వాటిని కూడా కాల్చేస్తుంది. ముందు వాటి సంగతి చూడకుండా పొర ఒక్కటే మార్చితే నిలవదు.

1997 నాటికీ ఇప్పటికీ పద్ధతులు చాలా మారాయని కూడా గుర్తుపెట్టుకోండి. అప్పట్లో పొరల వారీ ఆపరేషన్లు ఇంతగా లేవు.

దాత పెద్దవయసు వాళ్లైతే పొర తొందరగా పాడవుతుందా?

అమెరికాలో ఇదే ప్రశ్న మీద పదేళ్లు నడిపిన అధ్యయనం ఉంది, 2013లో ఫలితాలు వచ్చాయి. దాతల వయసు 12 నుంచి 65 ఉన్నప్పుడు పదేళ్లకు నూటికి 77 గ్రాఫ్టులు నిలిచాయి. 66 నుంచి 75 ఉన్నప్పుడు 71. పెద్ద తేడా కాదు. వయసు కంటే ఆ కార్నియా అడుగున ఎన్ని కణాలు బతికున్నాయన్నది ముఖ్యం, ఐ బ్యాంకు వాళ్లు అది లెక్కపెట్టి చూశాకే ఇస్తారు. బ్లడ్ గ్రూపు కలవాలా అని కూడా అడుగుతారు. మామూలుగా అవసరం లేదు.

చనిపోయినవాళ్లు చూసినవి మనకు కనిపిస్తాయా అని ఒక పెద్దమ్మ సీరియస్‌గానే అడిగింది. కనిపించవమ్మా, కిటికీకి కొత్త అద్దం పెడితే పాతింటి వీధి కనిపించదు కదా అన్నాను. నవ్వింది గానీ పూర్తిగా నమ్మినట్టు లేదు.

రిజెక్షన్ అంటే ఏంది? ఎప్పుడు వస్తుంది?

మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ "ఇది నాది కాదు" అని కొత్త పొర మీద దాడి చేయడం. మొదటి ఏడాది ప్రమాదం ఎక్కువ, తర్వాత తగ్గుతుంది, కానీ ఎప్పటికీ సున్నా కాదు. ఇరవై ఏళ్లకు వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. పీకేలో ఎక్కువ, డీసెక్‌లో తక్కువ, డీమెక్‌లో ఇంకా తక్కువ. డాల్క్‌లో అడుగు పొర మీ సొంతదే కాబట్టి అసలు భయపెట్టే రకం రిజెక్షన్ రాదు.

గుర్తులు నాలుగు. కన్ను ఎర్రబడటం, వెలుతురు చూడలేకపోవడం, చూపు తగ్గడం, నొప్పి. నాలుగూ కలిసి రావాలని లేదు. నాకు నొప్పి రానేలేదు.

2015 కనుమ నాడు జరిగింది చెప్తాను. మా ఇంట్లో హాల్లో గోడకు తెలుగు క్యాలెండర్ ఉంటుంది. రోజూ పొద్దున పళ్లు తోముకున్నాక గడప దగ్గర నిలబడి, ఎడమకన్ను అరచేత్తో మూసి, కుడికంటితో ఆ క్యాలెండర్ చూస్తాను. పెద్ద అంకెలు కనబడాలి, కింద తిథి అక్షరాలు కాస్త కష్టంగానైనా అందాలి. ఇది నాకు ఎవరూ నేర్పలేదు, భయంతో అలవాటైంది. కనుమ నాడు తిథి అక్షరాలు కనబడలేదు. అంకెల చుట్టూ పొగమంచు. కన్ను కొంచెం ఎర్రగా ఉంది. మొన్న భోగి మంట పొగ పడిందిలే అనుకున్నాను. మందుల షాపుకెళ్తే కన్ను ఎర్రబడిందని యాంటీబయాటిక్ చుక్కలు ఇచ్చారు. మూడు రోజులు అవే వేసుకున్నాను. నాలుగో రోజు పెద్ద అంకెలూ పోయాయి. అప్పుడు చెన్నై రైలెక్కాను.

డాక్టరమ్మ మిషన్ ముందు కూర్చోబెట్టి చూసి, "ఎన్ని రోజులైంది?" అనడిగింది. చెప్పాను. కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ దాడిని అణిచే స్టెరాయిడ్ చుక్కలు గంటకోసారి, రాత్రి కూడా లేచి వేసుకోమంది. మా ఆవిడ ఫోన్లో అలారాలు పెట్టుకుని వారం రోజులు నిద్ర లేకుండా వేసింది. మూడు వారాలకు మంచు విడిపోయింది. కానీ పోగొట్టుకున్న మూడు రోజుల వెల నేను ఇప్పటికీ కడుతున్నా. ఆ దాడిలో చచ్చిన అడుగు కణాలు మళ్లీ పుట్టవు.

రిజెక్షన్ వచ్చిందంటే గ్రాఫ్ట్ పోయిందని కాదు. వెంటనే పట్టుకుంటే చాలామందికి వెనక్కి తిరుగుతుంది. ఆలస్యమైతేనే పోతుంది.

మా ఊరి నుంచి పెద్దాసుపత్రికి ఒక రోజు ప్రయాణం. రేపు చూద్దాంలే అనుకోవచ్చా?

వద్దు. మనవైపు గ్రాఫ్టులు పోయేది ఎక్కువగా ఈ "రేపు" దగ్గరే అని నా నమ్మకం. ఉదయగిరి నుంచో సీతారాంపురం నుంచో నెల్లూరు రావడానికే సగం పూట పోతుంది. అక్కణ్నుంచి చెన్నై ఇంకో మూడు గంటలు. గిద్దలూరు, మార్కాపురం వాళ్లకు హైదరాబాదైనా విజయవాడైనా రాత్రంతా ప్రయాణమే.

అందుకే రెండు పనులు ముందే చేసి పెట్టుకోండి. ఒకటి, మీ పెద్దాసుపత్రి కార్నియా విభాగం నంబరు. కన్ను ఎర్రబడిన రోజే ఫోన్ చేసి, "నాకు గ్రాఫ్ట్ ఉంది, కన్ను ఎర్రబడింది" అని ఈ రెండు ముక్కలూ చెప్పండి. "కన్ను మంటగా ఉంది" అంటే అపాయింట్‌మెంట్ వచ్చే వారానికి ఇస్తారు. రెండు, మీకు దగ్గర్లో, నెల్లూరులోనో ఒంగోలులోనో, స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దది చేసి చూసే మిషన్) ఉన్న ఒక కంటి డాక్టరును మామూలు రోజుల్లోనే కలిసి మీ కేసు చెప్పి ఉంచండి. ఎర్రబడిన రోజు ఆయన చూసి పెద్దాసుపత్రితో ఫోన్లో మాట్లాడి మందు మొదలుపెట్టగలరు.

మందుల షాపు సలహా ఒద్దు. ఎర్రదనం రిజెక్షన్ వల్లా, ఇన్‌ఫెక్షన్ వల్లా, కుట్టు తెగడం వల్లా అన్నది బయటినుంచి తెలియదు. ఒకదానికి పనికొచ్చే మందు ఇంకోదాన్ని తగలబెడుతుంది. ఫంగస్ ఉన్న కంట్లో స్టెరాయిడ్ పడితే నిప్పుకు గాలి పోసినట్టే. నందివర్ధనం పూలరసం, చనుబాలు, ఆముదం లాంటివి గ్రాఫ్ట్ ఉన్న కంట్లో చుక్క కూడా పడకూడదు.

చుక్కల మందు ఎన్నాళ్లు వేయాలి? జీవితాంతమా?

పీకే ఐతే మొదటి ఏడాది ఖాయం, చాలామందికి ఆ తర్వాత కూడా రోజుకో చుక్క, లేదా రోజు మార్చి రోజు కొనసాగుతుంది. నేను 2009 నుంచి వేస్తూనే ఉన్నా. మొదట ప్రెడ్నిసొలోన్, తర్వాత తేలికపాటి స్టెరాయిడ్. కన్ను బాగుంది కదా అని మనంతట మనం ఆపడం, నేను విన్న కథల్లో రిజెక్షన్‌కు ముందు జరిగే మొదటి సంఘటన. కన్ను బాగుంది కాబట్టి చుక్క ఆపామంటారు. చుక్క పడుతుంది కాబట్టే అది బాగుంది.

చిన్న సంగతులు కొన్ని, ఎవరూ చెప్పరు. ప్రెడ్నిసొలోన్ తెల్లటి పాలలా ఉంటుంది, మందు అడుగుకు దిగిపోతుంది. సీసా బాగా కుదపకుండా వేస్తే పైనున్న నీళ్లే కంట్లో పడతాయి. మా పక్కూరి ఆయన ఆరు నెలలు అలాగే వేసుకున్నాడు. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో ఐదు పది నిమిషాలు ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. సీసా మూతి రెప్పకు తగలకూడదు. తెరిచిన నెలకు పారేయాలి, సగం మిగిలినా సరే. తెరిచిన తేదీ సీసా మీద పెన్నుతో రాసుకోండి.

వైరస్ పుండు, అంటే హెర్పిస్ వల్ల గ్రాఫ్ట్ చేయించుకున్నవాళ్లకు ఎసైక్లోవిర్ బిళ్లలు నెలల తరబడి ఇస్తారు. ఆ వైరస్ నరాల్లో నిద్రపోతూ ఉంటుంది, కొత్త పొర మీదికి కూడా వస్తుంది. ఆ బిళ్లలు కూడా ఆపకూడదు.

స్టెరాయిడ్ అన్నేళ్లు వేస్తే ప్రమాదం కదా?

ప్రమాదమే. స్టెరాయిడ్ కొందరికి కంటి ప్రెజర్ పెంచుతుంది, అది నీటికాసులకు, అంటే గ్లాకోమాకు, దారితీస్తుంది. గ్రాఫ్ట్ తర్వాత చూపు శాశ్వతంగా పోగొట్టే వాటిలో ఇది పెద్దది, ఎందుకంటే నొప్పి ఉండదు, ఎర్రదనం ఉండదు, నా క్యాలెండర్ పరీక్షకు కూడా దొరకదు. పక్కల చూపు మెల్లగా తగ్గుతూ వస్తుంది. కార్నియా పాడైతే మళ్లీ మార్చొచ్చు. కంటి నరం పోతే మార్చడానికి ఏమీ లేదు. అందుకే ప్రతి చెకప్‌లోనూ ప్రెజర్ చూడమని అడగండి. మీ కాగితం మీద ఆ అంకె రాయించుకోండి.

శుక్లం కూడా తొందరగా వస్తుంది. దానికి ఆపరేషన్ ఉంది. కాకపోతే గ్రాఫ్ట్ ఉన్న కంట్లో శుక్లం తీయడం మామూలు శుక్లం ఆపరేషన్ కాదు, అడుగు కణాలు కొన్ని పోతాయి. ఊళ్లో ఉచిత క్యాంపులో కాకుండా కార్నియా డాక్టరున్న చోటే చేయించుకోండి.

కుట్లు ఎప్పుడు తీస్తారు? ఐదేళ్లైనా ఇంకా ఉన్నాయంటున్నారు.

పీకేలో మామూలుగా 16 కుట్లు వేస్తారు, తలవెంట్రుక కన్నా సన్నటి నైలాన్ దారంతో. కార్నియాలో రక్తనాళాలు ఉండవు కాబట్టి గాయం చాలా మెల్లగా అతుకుతుంది. ఏడాది, ఏడాదిన్నర తర్వాతే ఒక్కొక్కటి తీస్తారు. చూపు బాగుండి, కుట్లు బిగువుగా ఉంటే కొన్ని అలాగే వదిలేస్తారు కూడా. నాకు రెండు వదిలేశారు.

2013లో ఒకరోజు మిల్లులో కూర్చుని ఉంటే రెప్ప వేసినప్పుడల్లా మీసం వెంట్రుక అడ్డం పడినట్టు గుచ్చుకుంది. ఊక దుమ్ము అనుకున్నా. నీళ్లతో కడిగా, పోలేదు. నెల్లూరు డాక్టరు స్లిట్ ల్యాంప్‌లో చూసి "కుట్టు తెగిందండీ, కొస బయటికి వచ్చింది" అన్నారు. తిమ్మిరి చుక్క వేసి, చిన్న పటకారుతో లాగి, దూది మీద పెట్టి చూపించారు. నల్లటి పోగు, ఆనీ ఆనకుండా ఉంది. నిమిషం పట్టలేదు. కానీ అది అలాగే ఉంచుకుని ఉంటే ఆ దారం పట్టుకుని క్రిములు లోపలికి వెళ్లేవి, లేదా రిజెక్షన్ మొదలయ్యేది అని చెప్పారు. వదులైన కుట్టు గంటల లెక్కన తీయాల్సిన వస్తువు. ఎన్నేళ్ల తర్వాతైనా సరే, కంట్లో ఏదో ఉన్నట్టు ఆగకుండా గుచ్చుకుంటే చూపించుకోండి.

డీసెక్, డీమెక్ వాళ్లకు ఈ బాధ దాదాపు లేదు. వాళ్లకు పొరను గాలిబుడగతో అతికిస్తారు, మొదటి రోజుల్లో వెల్లకిలా పడుకోవడమే కష్టం.

చూపు ఎప్పటికి వస్తుంది? అద్దాలు లేకుండా చదవగలనా?

అడుగు పొర మార్చినవాళ్లకు కొన్ని వారాల్లో, నెలల్లో బాగుపడుతుంది. పీకే వాళ్లు ఏడాది ఓపిక పట్టాలి. కట్టు విప్పగానే సినిమాలో లాగా అన్నీ కనబడతాయని మా అమ్మ దేవుడి పటం తెచ్చి ఎదురుగా పట్టుకుంది. నాకు ఎర్రటి మరక కనబడింది. అంతే.

తర్వాత కూడా అద్దాలు తప్పవు చాలామందికి. కుట్ల లాగుడుకు కార్నియా గుండ్రంగా ఉండదు, ఒకవైపు ఎక్కువ వంగుతుంది. దాన్ని సిలిండర్ నంబరు అంటారు. నాకు 4 ఉంది. మొదట అద్దాలు పెట్టుకున్నప్పుడు నేల పక్కకు ఒరిగినట్టు, మెట్లు దిగుతుంటే కాలు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఉండేది. నెలకు అలవాటైంది. అద్దాలకు లొంగని నంబర్లకు గట్టి కాంటాక్ట్ లెన్సులు, తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద స్క్లీరల్ లెన్సులు ఉన్నాయి, వాటితో చూపు అద్దాల కన్నా బాగా వస్తుంది. మిల్లు దుమ్ములో నాకు పనికిరాలేదు. చదువుకునే పిల్లలకు, ఆఫీసు పనివాళ్లకు మంచివి.

గ్రాఫ్ట్ స్వచ్ఛంగా ఉండటం, చూపు బాగుండటం రెండూ ఒకటి కావు. పొర అద్దంలా మెరుస్తున్నా వెనక నరం, రెటీనా బాగాలేకపోతే కనబడదు. ఆపరేషన్‌కు ముందే డాక్టరును సూటిగా అడగండి, "వెనక భాగం ఎలా ఉంది?" అని.

పొలం పని, చెరువు పని, క్వారీ పని చేసుకోవచ్చా?

మూడు నాలుగు నెలలకు తేలిక పని, ఆ పైన డాక్టరు మాట ప్రకారం. కానీ పీకే చేసిన కంటికి ఒక సంగతి జీవితాంతం ఉంటుంది. అతుకు దగ్గర పాత బలం ఎప్పటికీ రాదు. పదిహేనేళ్ల తర్వాత కూడా గట్టి దెబ్బ తగిలితే ఆ అతుకు దగ్గరే విడిపోతుంది. పిల్లవాడి మోచెయ్యి తగిలి, ఆవు కొమ్ము విదిలించి, బోరు హ్యాండిల్ ఎగిరి తగిలి పోయిన కళ్లున్నాయి.

కోతల్లో, నూర్పిళ్లలో గాగుల్స్ లేకుండా దిగకండి. మన జిల్లాలో పువ్వు పడిన కళ్లలో చాలావాటికి మూలం వరి ఆకు, వెన్ను, ఊకే. రొయ్యల గుంటల్లో సున్నం, బ్లీచింగ్ చల్లే పని ఇంకొకరికి అప్పజెప్పండి. మీరే చేయాల్సి వస్తే కళ్లను అన్నివైపులా మూసే అద్దాలు పెట్టి, గాలి వీపు వెనక ఉండేట్టు నిలబడండి. చీమకుర్తి గ్రానైట్ వాళ్లకు కొత్తగా చెప్పేదేముంది, రాయి పొడి కాదు, చిప్పు ఎగిరితేనే కన్ను పోయేది. ఒక కన్నే పనిచేసేవాళ్లు ఆ పని మానుకోవడం మంచిదని నా ఉద్దేశం, కోపం తెచ్చుకోకండి.

రాత్రి నిద్రలో కన్ను నలుపుకునే అలవాటుంటే మొదటి నెలల్లో ప్లాస్టిక్ షీల్డ్ పెట్టుకోండి. కెరటోకోనస్ వాళ్లు ఎప్పటికీ నలపకూడదు.

కాలవలో, చెరువులో స్నానం?

తలకు పోసుకునేటప్పుడు కళ్లు గట్టిగా మూసుకుంటే ఇంట్లో సమస్య లేదు. కాలవ, చెరువు, గుంట నీళ్లు కంట్లో పడకూడదు. రొట్టెల పండగప్పుడు స్వర్ణాల చెరువులో నిలబడి రొట్టె మార్చుకోండి, ఎవరూ వద్దనరు. ఆ నీళ్లతో మొహం మాత్రం కడుక్కోకండి.

పిల్లలకు చేస్తే ఎలా ఉంటుంది?

పెద్దవాళ్లకన్నా కష్టం. వాళ్ల ఒంట్లో రిజెక్షన్ జోరు ఎక్కువ, కుట్లు తొందరగా వదులవుతాయి, పైగా పసివయసులో కన్ను మసకగా ఉంటే మెదడు ఆ కన్నును వాడటం మానేస్తుంది. పొర బాగున్నా చూపు రావడానికి మంచికన్ను కొన్ని గంటలు మూసి శిక్షణ ఇవ్వాలి, ఏళ్ల తరబడి. కాబట్టి అసలు గాయమే కాకుండా చూడటం మీద నాకు పట్టుదల. పొగాకులో, తమలపాకులో వేసుకునే సున్నం ట్యూబు పిల్లలకు అందేచోట పెట్టొద్దు. నొక్కితే నేరుగా కంట్లోకి చిమ్ముతుంది. పడితే వెంటనే, అక్కడే, బిందెల కొద్దీ మంచినీళ్లతో కడగాలి. ఆసుపత్రి ఆ తర్వాత.

సున్నం మాట వచ్చింది కాబట్టి ఒకటి. ప్రపంచంలో మొదటిసారి మనిషికి కార్నియా మార్పిడి సక్సెస్ అయింది 1905 డిసెంబరు 7న, ఇప్పటి చెక్ దేశంలో ఉన్న ఓలోమౌట్స్‌లో. ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టరు చేశాడు. రోగి ఒక కూలీ, రెండు కళ్లూ సున్నం పడి కాలిపోయాయి. రెండు కళ్లకూ చేస్తే ఒకటి నిలిచింది. స్టెరాయిడ్లు లేవు, మైక్రోస్కోపు ఆపరేషన్లు లేవు. ఎలా నిలిచిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

గ్రాఫ్ట్ ఫెయిలైతే ఇక దారి లేదా?

ఉంది. ఫెయిల్ అంటే పొర ఉబ్బి, మసకబారి, మందులకు తిరిగి రాకపోవడం. కన్ను పోయినట్టు కాదు. మళ్లీ మార్చొచ్చు. పాత పీకే ఆకారం బాగుంటే దాని అడుగు పొర ఒక్కటే డీసెక్‌తో మార్చుతారు, కుట్ల గొడవ మళ్లీ ఉండదు. రెండోసారి, మూడోసారి చేసేకొద్దీ నిలిచే అవకాశం తగ్గుతుంది, పైన చెప్పిన 21 అంకె అదే. పదేపదే ఫెయిలైన కళ్లకు కృత్రిమ కార్నియా కూడా పెడతారు, మధురైలో అరవింద్ వాళ్ల ఆరోల్యాబ్ తయారుచేసేది ఒకటి ఉంది. దాని కాపలా గ్రాఫ్ట్ కాపలా కన్నా ఎక్కువ.

కార్నియా డబ్బులిచ్చి కొనుక్కోవాలా?

కార్నియా అమ్మడం, కొనడం నేరం, 1994 చట్టం ఉంది. ఐ బ్యాంకు వాళ్లు పరీక్షలు, నిల్వ ఖర్చు మాత్రం తీసుకుంటారు. ఆపరేషన్ ఖర్చుకు ప్రభుత్వ ఆరోగ్య పథకం నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆ పథకం సంగతి చూసే ఆరోగ్యమిత్రను అడగండి, చేరకముందే. నేను చెప్పదలచుకుంది వేరే. అందరూ ఆపరేషన్‌కు డబ్బు సర్దుకుంటారు, తర్వాతి ఐదేళ్ల చుక్కలకూ చార్జీలకూ సర్దుకోరు. నెలకు మందు, మూడు నెలలకోసారి ఇద్దరికి రైలు, ఆ రోజు పోయిన కూలి. దాన్ని కూడా ఆపరేషన్ ఖర్చులో కలిపి లెక్కేసుకోండి.

మా ఇంట్లో పెద్దాయన పోతే కళ్లివ్వొచ్చా? ఆయనకు షుగరు, శుక్లం ఆపరేషన్ కూడా అయింది.

ఇవ్వొచ్చు. షుగరు, బీపీ, అద్దాలు, శుక్లం ఆపరేషన్ అడ్డం కావు. ఎయిడ్స్, హెపటైటిస్, రేబిస్ లాంటివి ఉంటే తీసుకోరు. ఆరు గంటల్లోపు తీయాలి. ఫ్యాను ఆపేసి, రెప్పలు మూసి తడి దూది పెట్టి, తల కింద దిండు పెట్టి, ఐ బ్యాంకుకు ఫోన్ చేయాలి. తీసేది పావుగంట ఇరవై నిమిషాల పని, మొహం వికారంగా ఏమీ అవదు. ఏటా ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 దాకా నేత్రదాన పక్షోత్సవాలప్పుడు అందరూ ఫారాలు నింపుతారు. ఫారం కన్నా ఇంట్లోవాళ్లకు గట్టిగా చెప్పి ఉంచడం మేలు, ఆ సమయానికి ఫోన్ చేయాల్సింది వాళ్లే.

ఆపరేషనై పదేళ్లు దాటింది, ఏ బాధా లేదు. ఇంకా చెకప్ ఎందుకు?

అడుగు కణాల కోసం. కార్నియా అడుగున ఒక్క వరుస కణాలుంటాయి, లోపలి నీళ్లు బయటికి తోడుతూ పొరను స్వచ్ఛంగా ఉంచేది అవే. పెద్దవాళ్ల మామూలు కంట్లో చదరపు మిల్లీమీటరుకు రెండున్నర వేలు అటూఇటూగా ఉంటాయి. మార్చిన పొరలో అవి మామూలు కంటి కన్నా తొందరగా తరిగిపోతాయి, కొత్తవి పుట్టవు. ఐదు వందల దగ్గరికి వస్తే తోడే శక్తి చాలక పొర ఉబ్బడం మొదలవుతుంది. ముందు తెలిసే గుర్తు పొద్దున లేవగానే మసక, మధ్యాహ్నానికి తేటపడటం. నిద్రలో రెప్పలు మూసి ఉంటే నీళ్లు ఆరవు కదా, అందుకని.

స్పెక్యులర్ అనే మిషన్‌తో ఆ కణాలను లెక్కపెడతారు. గడ్డం ఆనించి కూర్చుంటే ఒక ఫొటో, తేనెపట్టు గళ్లలా కనబడుతుంది. నావి పోయినసారి 720 ఉన్నాయి. అంతకుముందు ఏడాది 760. గళ్లు పెద్దవై, వంకరపోయి ఉన్నాయి, చచ్చినవాటి చోటు కూడా పక్కవి సాగి కప్పుకున్నాయి. ఎన్నేళ్లొస్తుందమ్మా అని డాక్టరమ్మను అడిగితే, "ఇప్పటికి స్వచ్ఛంగా ఉంది, చుక్క మానొద్దు, సంక్రాంతి అయ్యాక రండి" అంది. కనుమ మర్నాటికి రైలు టికెట్ తీసి పెట్టాను.